బెలూనా, పోయెమా, కీహోల్ ఆపరేషనా? మింగుడు పడని జబ్బుకు ఏది ఎంచుకోవాలి

ప్రశ్న: నా వయసు 41. మూడేళ్లుగా మింగడం కష్టంగా ఉంది. మొదట్లో ముద్ద గొంతు దిగాక ఛాతీ మధ్యలో ఎక్కడో ఆగినట్టుండేది. ఇప్పుడు నీళ్లు కూడా ఆగుతున్నాయి. తిన్న ప్రతిసారీ ఇదే బాధ. రోజుకొకసారైనా తిన్నది తిన్నట్టే నోట్లోకి వచ్చేస్తుంది. రాత్రిళ్లు పొలమారి ఉలిక్కిపడి లేస్తున్నాను, దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చున్నట్టే పడుకుంటున్నాను. అప్పుడప్పుడు ఛాతీలో పట్టేసినట్టు నొప్పి వస్తుంది. 6 కిలోలు తగ్గాను. ఎసిడిటీ అనుకుని రెండేళ్లు మాత్రలు వాడాను, ఏమీ తగ్గలేదు. చివరికి ఎండోస్కోపీ, బేరియం పరీక్ష, మానోమెట్రీ చేసి ‘అకలేజియా, టైప్ 2’ అన్నారు. ఎండోస్కోపీలో గడ్డలు, పుండ్లు ఏమీ లేవట. ఒక డాక్టరు బెలూన్ చేద్దామన్నారు. ఇంకొకరు నోట్లోంచి ఎండోస్కోప్ దించి చేసే పోయెమ్ చేయించుకోమన్నారు. సర్జన్ ఏమో కీహోల్ ఆపరేషనే శాశ్వతం అంటున్నారు. బోటాక్స్ ఇంజెక్షన్ ఉందని బంధువులు చెప్పారు. కోత లేనిదైతే మంచిదని మా ఆయన అంటున్నారు. నాకు మాత్రం ఒక్కసారితో అయిపోవాలని ఉంది, మళ్లీ మళ్లీ ఆసుపత్రికి తిరిగే ఓపిక లేదు. ఇప్పటికే మాత్రలతో విసిగిపోయాను, జీవితాంతం మాత్రలు మింగమంటే నావల్ల కాదు. ఏది మంచిది? మునుపటిలా తినగలనా? ఇది క్యాన్సర్‌కు దారితీస్తుందా? కొన్నాళ్లు ఆగితే నష్టమా?

సమాధానం: అమ్మా, ముందు క్యాన్సర్ భయం సంగతి చూద్దాం, అది మనసులో ఉంటే మిగతా మాటలు తలకెక్కవు. అన్నవాహిక చివర, పొట్ట మొదట్లో పుట్టే క్యాన్సర్ కొన్నిసార్లు అచ్చం అకలేజియాలాగే కనిపించే మాట నిజమే. అలాంటి అనుమానం ఎక్కువగా ఎప్పుడు వస్తుందంటే, వయసు 55 దాటి, బాధ మొదలై ఏడాది కూడా కాకుండానే 10 కిలోలకు పైగా బరువు తగ్గినప్పుడు. అలాంటి వారికి సీటీ స్కాన్, అవసరమైతే లోపలి నుంచి చేసే అల్ట్రాసౌండ్ కూడా చేశాకే చికిత్స మొదలుపెట్టాలి. మీకు 41 ఏళ్లు, బాధ మూడేళ్ల నాటిది, ఎండోస్కోపీ శుభ్రంగా ఉంది. కాబట్టి మీ విషయంలో ఆ అనుమానం చాలా తక్కువ. అకలేజియా ఏళ్ల తరబడి ఉన్నవారిలో అన్నవాహిక క్యాన్సర్ ముప్పు మామూలు వాళ్లకంటే ఎక్కువే. అయినా అది వచ్చేది కొద్దిమందికే. జబ్బు మొదలై 10 ఏళ్లు దాటాక అడపాదడపా ఎండోస్కోపీ చేయించుకోమని చాలామంది వైద్యులు చెబుతారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి చాలు, దాని గురించి ఇప్పుడు నిద్ర పాడుచేసుకోవద్దు.

ఇక జబ్బు సంగతి. మనం గుటక వేయగానే అన్నవాహిక పైనుంచి కిందికి వరసగా ముడుచుకుంటూ ముద్దను నెడుతుంది. అదే సమయానికి అడుగున, పొట్టలోకి తెరుచుకునే చోట ఉన్న కండరపు వాల్వ్ వదులవుతుంది. ఈ వాల్వ్‌ను వదులు చేసే నరాల కణాలు అన్నవాహిక గోడలోనే ఉంటాయి. అకలేజియాలో నశించేవి అవే. ఎందుకు నశిస్తాయో ఇప్పటికీ ఖచ్చితంగా తేలలేదు, శరీరంలోని రక్షణ వ్యవస్థే వాటి మీద దాడి చేస్తుందన్నది బలమైన అనుమానం. మీరు తిన్నదేదో పడకో, మనసులో దిగులు పెట్టుకునో ఇది రాలేదు. వాల్వ్ బిగుసుకుపోయి ఉంటుంది, పైనున్న గొట్టానికి నెట్టే శక్తి పోతుంది. తిన్నది పొట్టలోకి దిగకుండా పైనే నిలిచిపోతుంది.

రెండేళ్ల మాత్రలు ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు తెలిసిపోతుంది. ఎసిడిటీలో పొట్టలోని యాసిడ్ పైకి ఎగదన్నుతుంది. మీకు పైకి వచ్చేది అసలు పొట్టలోకి చేరనే లేదు. అకలేజియా ఉన్నవారిలోనూ ఛాతీ మంట ఉంటుంది, కానీ చాలాసార్లు అది నిలవున్న ఆహారం పులిసిపోవడం వల్ల వచ్చేది. అందుకే ఈ జబ్బును ఎసిడిటీగా పొరబడి ఏళ్లు గడిచిపోవడం చాలా మామూలు. ఏటా లక్షమందిలో ఒకరికి కొత్తగా వచ్చే జబ్బు కాబట్టి మామూలుగా అది డాక్టర్ల దృష్టికి వెంటనే రాదు కూడా.

నేను మీకు ముందే చెప్పి తీరాల్సిన విషయం ఒకటుంది. మీకు చెప్పిన చికిత్సల్లో ఏదీ చచ్చిపోయిన నరాలను తిరిగి తీసుకురాదు. బెలూన్ అయినా, పోయెమ్ అయినా, కీహోల్ ఆపరేషన్ అయినా చేసేది ఒకటే పని: బిగుసుకుపోయిన ఆ వాల్వ్‌ను తెరిచి ఉంచడం. ఒకటి సాగదీసి చీలుస్తుంది, మిగతా రెండూ కోసి తెరుస్తాయి. ఆ తర్వాత ముద్ద తన బరువుకు తాను కిందికి జారాలి. వాల్వ్‌ను ఎంత బాగా తెరిస్తే ముద్ద అంత సులువుగా దిగుతుంది, పొట్టలోని యాసిడ్ కూడా అంత సులువుగా పైకి వస్తుంది. ఈ మూడు చికిత్సల మధ్య ఉన్న పేచీ అంతా ఇక్కడే ఉంది.

మీ చేతిలో ఉన్న మానోమెట్రీ రిపోర్టు విలువ మీకు ఎవరైనా చెప్పారో లేదో. ముక్కులోంచి సన్నని గొట్టం దించి, కొద్దికొద్దిగా నీళ్లు గుటకలు వేయించి, లోపలి ఒత్తిడిని కొలిచే పరీక్ష అది. వేసిన గుటకల్లో ఒక్కటీ సరిగ్గా నడవక, గొట్టంలో ఒత్తిడి కూడా పుట్టకపోతే టైప్ 1. గుటక వేసినప్పుడు గొట్టం పొడవునా ఒకేసారి ఒత్తిడి పెరిగితే టైప్ 2. కింది భాగం వేళాపాళా లేకుండా గట్టిగా పట్టేస్తుంటే టైప్ 3. మూడింటిలోనూ చికిత్సకు బాగా లొంగేది మీకున్న టైప్ 2. బెలూన్ అయినా ఆపరేషన్ అయినా దీంట్లో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా మెరుగవుతారు. అదే టైప్ 3 అయి ఉంటే నేను ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ని కాదు, పొడవుగా కండరం కోయగలిగిన పోయెమ్ వైపు వెళ్లమని రెండు ముక్కల్లో చెప్పేసేవాణ్ని. ఒక్క సంగతి మాత్రం మీ డాక్టరుకు చెప్పండి. నల్లమందు జాతికి చెందిన ట్రమడాల్, మార్ఫిన్‌లాంటి నొప్పి మందులు మీరు రోజూ వాడుతున్నట్టయితే, అవి కూడా మానోమెట్రీలో ఇలాంటి బొమ్మే చూపించగలవు.

జబ్బు తీవ్రతను కొలవడానికి ఎకార్ట్ స్కోరు అని ఒకటుంది. మింగడంలో కష్టం, తిన్నది వెనక్కి రావడం, ఛాతీనొప్పి, బరువు తగ్గడం, ఈ నాలుగింటికీ 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు. మీరు రాసినదాన్ని బట్టి నేనే వేసి చూశాను. తిన్న ప్రతిసారీ కష్టం కాబట్టి 3, రోజూ వెనక్కి వస్తోంది కాబట్టి 2, నొప్పి అప్పుడప్పుడే కాబట్టి 1, 5 నుంచి 10 కిలోల మధ్య తగ్గారు కాబట్టి 2. మొత్తం 12కి 8. చికిత్స తర్వాత ఇది 3 లేదా అంతకంటే తక్కువకు వస్తే చికిత్స ఫలించినట్టు లెక్క. మీ డైరీలో ఈ 8 రాసిపెట్టుకోండి. చికిత్సయ్యాక ‘ఎలా ఉంది’ అని అడిగితే ‘ఫరవాలేదు’ అనే బదులు అంకె చెప్పవచ్చు.

బోటాక్స్ సంగతి త్వరగా తేల్చేద్దాం. ఎండోస్కోపీ చేస్తూ వాల్వ్ కండరంలోకి ఇంజెక్షన్ ఇస్తారు, కండరం కొన్నాళ్లు వదులవుతుంది. ఆ కొన్నాళ్లు సాధారణంగా 6 నెలలు, మహా అయితే ఏడాది. పైగా పదేపదే చేయిస్తే అక్కడ మచ్చకట్టి, తర్వాత చేసే ఆపరేషన్ కష్టమవుతుంది. మత్తు తట్టుకోలేని వృద్ధులకు, గుండె ఊపిరితిత్తుల జబ్బులున్నవారికి అది మంచి సాయమే. 41 ఏళ్ల మీకు అది తగదు. నాలుక కింద పెట్టుకునే నిఫెడిపిన్, ఐసోసార్బైడ్‌లాంటి మాత్రలు కూడా అంతే. కాసేపు వాల్వ్‌ను వదులు చేస్తాయి, దాంతోపాటు తలనొప్పి, బీపీ పడిపోవడం కూడా తెస్తాయి. ఇవి రెండూ పక్కన పెట్టేయండి.

మిగిలినవి మూడు.

బెలూన్ వీటిలో పాతది. 1674లో థామస్ విల్లిస్ అనే వైద్యుడు తిమింగలం ఎముక చివర స్పాంజి కట్టి, ఆహారాన్ని రోగి పొట్టలోకి నెట్టించేవాడు. వాల్వ్‌ను బలవంతంగా తెరవడమనే ఆలోచన అక్కడి నుంచే వస్తోంది. ఇప్పుడు 30, 35, 40 మిల్లీమీటర్ల వెడల్పుండే బెలూన్లు ఉన్నాయి. మత్తిచ్చి, బెలూన్‌ను సరిగ్గా వాల్వ్ దగ్గర ఉంచి, గాలి నింపి నిమిషం పాటు ఉంచుతారు. బిగుసుకున్న కండరం లోపలే చీలుతుంది. కొన్ని గంటలు పరీక్షగా చూసి, చాలామందిని ఆ రోజే ఇంటికి పంపేస్తారు. ముందు 30తో మొదలుపెట్టి, కొన్ని వారాలు ఆగి చూసి, చాలకపోతే 35కు వెళ్లాలి. ఈ వరస ఎందుకో యూరప్‌లో జరిగిన పెద్ద పరిశీలన చెబుతుంది. అందులో తొలుత 35తోనే మొదలుపెట్టారు. మొదటి 13 మందిలో నలుగురికి అన్నవాహికకు చిల్లు పడింది. వెంటనే పద్ధతి మార్చి 30తో మొదలుపెట్టారు. ఆ తర్వాత చిల్లు పడిన వాళ్లు నూటికి నలుగురు. మీ డాక్టరు మొదటిసారే పెద్ద బెలూన్ వాడతానంటే ఎందుకని నిలదీసి అడగండి.

అదే పరిశీలనలో 201 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు బెలూన్, ఇంకో జట్టుకు కీహోల్ ఆపరేషన్ చేశారు. ఫలితాలు 2011లో వచ్చాయి. రెండేళ్ల తర్వాత బెలూన్ జట్టులో 86 శాతం, ఆపరేషన్ జట్టులో 90 శాతం బాగున్నారు. ఐదేళ్లకు అవి 82, 84 శాతాలు. తేడా లేనట్టే. కానీ బెలూన్ జట్టులో నలుగురిలో ఒకరికి ఆ ఐదేళ్లలో మళ్లీ బెలూన్ వేయాల్సి వచ్చింది. 40 ఏళ్ల లోపు వాళ్లలో ఈ అవసరం ఎక్కువ. మగవాళ్లలో, అందులోనూ వయసులో ఉన్నవాళ్లలో బెలూన్ అంతగా నిలవదని పాత అనుభవం. మీరు 40 దాటిన స్త్రీ, పైగా టైప్ 2. బెలూన్‌కు బాగా లొంగే గుంపు ఏదైనా ఉందంటే అది మీదే. అందుకని బెలూన్ చెప్పిన డాక్టరు పాతకాలం మనిషి అనుకోవద్దు, ఆయన మీ రిపోర్టు చదివే చెప్పారు.

కీహోల్ ఆపరేషన్‌కు హెల్లర్ మయోటమీ అని పేరు. 1913లో జర్మనీలో ఎర్నెస్ట్ హెల్లర్ మొదట చేశాడు. అప్పట్లో పొట్ట పెద్దగా కోయాల్సి వచ్చేది. 1990ల నుంచి నాలుగైదు చిన్న రంధ్రాల గుండా చేస్తున్నారు. వాల్వ్ కండరాన్ని బయటి నుంచి నిలువునా కోస్తారు, అన్నవాహిక మీద సుమారు 6 సెంటీమీటర్లు, పొట్ట మీదికి ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు. లోపలి పొరను మాత్రం ముట్టుకోరు. ఈ ఆపరేషన్‌లో మిగతా వాటికి లేని సౌకర్యం ఒకటుంది. కండరం కోసిన తర్వాత పొట్ట పైభాగాన్ని కొంచెం మడిచి అక్కడే కుట్టేస్తారు, యాసిడ్ పైకి రాకుండా అది అడ్డుకుంటుంది. ముందువైపు మడిస్తే డోర్ పద్ధతి, వెనకవైపు నుంచి చుడితే టూపే పద్ధతి. పూర్తిగా చుట్టూ మాత్రం చుట్టకూడదు, నెట్టే శక్తి లేని అన్నవాహిక ఆ బిగువును దాటించలేదు. ఎండోస్కోపీ రిపోర్టులో ‘హయాటస్ హెర్నియా’ అని ఏమైనా రాసుందేమో చూడండి. అంటే పొట్ట కొంత భాగం ఛాతీలోకి జారి ఉండటం. అది గనక పెద్దదిగా ఉంటే నా ఓటు ఈ ఆపరేషన్‌కే, ఎందుకంటే ఆ హెర్నియాను కూడా అదే పూటలో సరిచేస్తారు.

పోయెమ్ వీటన్నిటిలో కొత్తది. జపాన్‌లో హరుహిరో ఇనోవే 2008లో మొదటిసారి చేశారు. పూర్తి మత్తిచ్చి, నోట్లోంచి ఎండోస్కోప్ దించి, అన్నవాహిక లోపలి పొరలో చిన్న గాటు పెడతారు. బొంత పొరల మధ్యకు చేయి దూర్చినట్టు, ఆ గాటులోంచి లోపలి పొరకూ కండరానికీ మధ్య సొరంగం చేసుకుంటూ పొట్ట దాకా వెళ్తారు. సొరంగంలోంచే కండరాన్ని కోసి, బయటికొస్తూ ఆ గాటును క్లిప్పులతో మూసేస్తారు. ఒంటి మీద గీత కూడా ఉండదు. మీ ఆయన ‘కోత లేనిది’ అన్నది దీన్ని దృష్టిలో పెట్టుకునే అయి ఉంటుంది. ఆయనతో ఒక్క మాట చెప్పండి: చర్మం మీద కోత లేదు గానీ లోపల కోసేది హెల్లర్‌లో కోసే కండరాన్నే, కొన్నిసార్లు ఇంకా పొడవుగా. కాబట్టి దీన్ని ఎండోస్కోపీ అని తేలిగ్గా తీసుకోవద్దు, ఆపరేషన్ కిందే లెక్కేసుకోవాలి.

పోయెమ్‌నూ హెల్లర్‌నూ పక్కపక్కన పెట్టి 221 మందిలో చూసిన ఫలితాలు 2019లో వచ్చాయి. రెండేళ్లకు పోయెమ్‌లో 83 శాతం, హెల్లర్‌లో 81.7 శాతం బాగున్నారు. మళ్లీ సమానమే. తీవ్రమైన ఇబ్బందులు పోయెమ్‌లో 2.7 శాతం, హెల్లర్‌లో 7.3 శాతం. తేడా వచ్చింది యాసిడ్ దగ్గర. మూడు నెలలకు ఎండోస్కోపీ చేస్తే పోయెమ్ జట్టులో 57 శాతం మందికి, హెల్లర్ జట్టులో 20 శాతం మందికి అన్నవాహికలో యాసిడ్ పుండ్లు కనిపించాయి. రెండేళ్లకు అవి 44, 29 శాతాలుగా తేలాయి. పోయెమ్‌లో పొట్ట మడత వేయరు కదా, కారణం అదే.

అదే ఏడాది పోయెమ్‌ను బెలూన్‌తో పోల్చిన ఇంకో పరిశీలన కూడా వచ్చింది, 133 మందిలో. అందులో రెండేళ్లకు పోయెమ్ 92 శాతం, బెలూన్ 54 శాతం. ఈ అంకెలు చూపించి బెలూన్ పనైపోయిందనేవారు ఉన్నారు. నేనలా అనను. అందులో బెలూన్ 30తో ఒకసారి, అవసరమైతే 35తో ఇంకోసారి వేశారు. ఆ తర్వాత మళ్లీ బెలూన్ అవసరమైతే చికిత్స విఫలమైనట్టే రాసుకున్నారు. యూరప్ పరిశీలనలో అయితే మళ్లీ వేయడం కూడా చికిత్సలో భాగమే. అందుకే అక్కడ 86, ఇక్కడ 54. రెండు అంకెలూ నిజమే. ‘ఒక్క విడతతో సరిపోవాలి’ అనుకునేవారు రెండో అంకె చూసుకోవాలి. ‘అవసరమైనప్పుడు మళ్లీ వేయించుకుంటాను’ అనేవారికి మొదటి అంకె వర్తిస్తుంది. ఆ 133 మందిలోనే యాసిడ్ పుండ్లు చూస్తే పోయెమ్‌లో 41 శాతం, బెలూన్‌లో 7 శాతం.

ఇప్పుడు మీ ఉత్తరం దగ్గరికి వస్తాను. మీరు రెండు కోరికలు రాశారు. ఒక్కసారితో అయిపోవాలి, జీవితాంతం మాత్రలు వద్దు. రెండూ న్యాయమైనవే. కానీ ఈ జబ్బులో అవి రెండూ ఒకేచోట పూర్తిగా దొరకవు. ‘మాత్రలు వద్దు’ అన్నదానికి బెలూన్ దగ్గరగా ఉంది, ‘ఒక్కసారితో’ అన్నదానికి పోయెమ్ దగ్గరగా ఉంది. హెల్లర్ మధ్యలో ఉంది, దానికి బదులుగా పొట్ట మీద నాలుగైదు రంధ్రాలు, ఆసుపత్రిలో ఒకటి రెండు రోజులు ఎక్కువ అడుగుతుంది. మీకు ముగ్గురు డాక్టర్లు మూడు రకాలుగా చెప్పడానికి కారణం వాళ్లలో ఎవరికీ తెలియకపోవడం కాదు. టైప్ 2లో మూడూ పనిచేస్తాయి, ఎవరికి బాగా చేయి తిరిగినదాన్ని వారు చెప్పారు. తేల్చాల్సింది మీ కోరికల్లో ఏది పెద్దదన్నదే, అది మీరే తేల్చాలి.

కాస్త సాయం చేస్తాను. మీకు మాత్రల మీద ఉన్న విసుగు, పనిచేయని మాత్రలు రెండేళ్లు మింగినందుకు వచ్చింది. అవి మీ జబ్బుకు సంబంధం లేనివి. పోయెమ్ తర్వాత వాడే యాసిడ్ తగ్గించే మాత్ర అలా కాదు, చాలామందిలో రోజుకు ఒకటితో యాసిడ్ అదుపులో ఉంటుంది, పుండ్లు మానుతాయి. అందరికీ జీవితాంతం అవసరం రాదు కూడా. అయితే ఒక చిక్కుంది: మంట లేకుండానే లోపల పుండ్లు ఉండవచ్చు. కాబట్టి పోయెమ్ చేయించుకుంటే బాగానే ఉంది కదా అని ఊరుకోకుండా, కొన్ని నెలలకు ఎండోస్కోపీ చేయించుకుని, మాత్ర కొనసాగించాలో మానాలో అప్పుడు తేల్చుకోవాలి. ఈ మాత్ర తెలిసి తెలిసి మింగేది కాబట్టి అంత బరువనిపించదని నాకనిపిస్తోంది. అలా అనిపించకపోతే, మాత్ర మాటే మీకు గిట్టకపోతే, మడతతో కూడిన హెల్లర్ గురించి సర్జన్‌తో ఇంకోసారి నింపాదిగా మాట్లాడండి. హెల్లర్ తర్వాత యాసిడ్ పుండ్లు కనిపించిన ఆ 20, 29 శాతాలు కూడా సున్నా కాదని మాత్రం గుర్తుంచుకోండి.

రెండు రోజులు ఆలోచించాక ‘నాలుగైదేళ్లకు ఇంకోసారి బెలూన్ అయినా ఫరవాలేదులే’ అనిపిస్తే, బెలూన్‌తో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. బెలూన్ వేయించుకున్నంత మాత్రాన మిగతా రెండు దారులూ మూసుకుపోవు. హెల్లర్ సరిపోకపోతే తర్వాత బెలూన్ వేయవచ్చు, పోయెమ్ కూడా చేయవచ్చు. పోయెమ్ తర్వాతా అంతే. ఇప్పుడు మీరు తీసుకునే నిర్ణయం తిరుగులేనిది కాదు, ఆ భయం పెట్టుకోకండి.

వీటన్నిటికంటే నేను ఎక్కువ పట్టించుకునేది చేసేవారి చెయ్యి. ఈ మూడూ అనుభవంతో వచ్చే పనులు. ‘ఈ ప్రొసీజర్ మీరు ఎంతమందికి చేశారు? గత ఏడాది ఎన్ని? చిల్లు పడితే ఇక్కడే సరిచేసే సర్జన్ ఉన్నారా? తర్వాత నన్ను ఎన్నాళ్లు చూస్తారు?’ అని అడగండి. అడగడం అగౌరవం కాదు, అనుభవమున్నవాళ్లు ఈ ప్రశ్నలకు చిరాకుపడరు. పదుల సంఖ్యలో పోయెమ్‌లు చేసినవారు ఒకచోట, బెలూన్ నిత్యం వేసేవారు ఇంకోచోట ఉంటే, కాగితం మీద ఒకటి రెండు శాతాల తేడా చూసి అనుభవం లేని చేతికి వెళ్లకండి.

మునుపటిలా తినగలనా అని అడిగారు. చాలా దగ్గరగా తినగలరు, కానీ అన్నవాహికకు నెట్టే శక్తి రాదు కాబట్టి కొన్ని అలవాట్లు మిగిలే ఉంటాయి. నిటారుగా కూర్చుని, చిన్న ముద్దలు బాగా నమిలి, మధ్యమధ్య నీళ్లు తాగుతూ తినాలి. పడుకునే వేళకు మూడు గంటల ముందే తినడం పూర్తికావాలి. మంచం తలవైపు కాళ్ల కింద ఆరంగుళాల ఎత్తు పెట్టడం దిండ్లకంటే మేలు, దిండ్లు మెడను మాత్రమే వంచుతాయి. మింగడం, తిన్నది వెనక్కి రావడం, బరువు, ఇవి బాగా మెరుగవుతాయి. ఛాతీనొప్పి మాత్రం మొండిది, కొందరిలో చికిత్స తర్వాత కూడా అప్పుడప్పుడు పలకరిస్తుంది. అది వచ్చిందని చికిత్స చెడిపోయిందనుకోవద్దు. చెడిపోయిందో లేదో తేల్చేది బేరియం పరీక్ష. బేరియం తాగించి 1, 2, 5 నిమిషాలకు ఫొటోలు తీసి ఎంత ఎత్తున నిలిచిందో చూస్తారు. చికిత్సకు ముందు ఒకటి, తర్వాత ఒకటి తీయించుకోండి. ‘బాగుంది’ అనిపిస్తున్నా లోపల ఆహారం నిలుస్తున్నవారు ఉంటారు, వాళ్లను పట్టిచ్చేది ఇదే.

ఆగవచ్చా అన్నదానికి: కొన్ని వారాలు తిరిగి, అడిగి, ఆలోచించుకోండి. ఏళ్లు మాత్రం ఆగకండి. నిలిచిపోయిన ఆహారం బరువుకు అన్నవాహిక మెల్లగా వెడల్పవుతుంది, ఆ తర్వాత వంకర తిరుగుతుంది. ఆ దశకు చేరాక వాల్వ్ తెరిచినా ముద్ద దిగడం కష్టం, కొద్దిమందికి అన్నవాహికనే తీసేయాల్సి వస్తుంది. మీరు రాసిన లక్షణాల్లో నన్ను కలవరపెట్టింది రాత్రి పొలమారడం. నిద్రలో పైకి వచ్చిన ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా రావచ్చు. ఈలోగా జ్వరం, దగ్గు, ఆయాసం వచ్చినా, పూర్తిగా నీళ్లు కూడా దిగకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. చికిత్స చేయించుకున్నాక ఇంటికి వచ్చిన మొదటి ఒకటి రెండు రోజుల్లో తీవ్రమైన ఛాతీనొప్పి, జ్వరం, ఊపిరాడకపోవడం, మెడ దగ్గర చర్మం నొక్కితే గరగరలాడటం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు.

ఒక పని మాత్రం మీరే గుర్తు చేయాల్సి రావచ్చు. మత్తు ఇచ్చే ముందు అందరికీ చెప్పే ‘ఆరేడు గంటలు ఏమీ తినకండి’ అన్న మాట మీకు చాలదు, ముందురోజు తిన్నది కూడా మీ అన్నవాహికలో నిలిచి ఉండవచ్చు. ఒకటి రెండు రోజుల ముందు నుంచే ద్రవాహారం మీద ఉండాలేమో అడగండి. మత్తు డాక్టరు మీ గదిలోకి రాగానే, ఆయన అడగకముందే, ‘నాకు అకలేజియా ఉంది, తిన్నది పైనే నిలిచిపోతుంది, రాత్రిళ్లు పొలమారుతోంది’ అని మీ నోటితో మీరే చెప్పండి.